పెరటి చెట్టును పేరు పెట్టి పిలువగలమా?

"పెరటి చెట్టు మందుకు రాదు" అని మనలో ఒక సామెత కలదు. చేతికందిన వస్తువును మనుష్యుడు చులకన చేయుననుట దాని భావము. ఆ సామెత పుట్టిన దినములలో పెరటి చెట్టు విలువను కొందఱు మఱచినను, దాని పేరు మాత్రము ఇంటిలోని పసివానికి సైతము తెలిసియుండెను. నేడు మన యిండ్లలో విలువతోపాటు పేరు కూడ మఱపున బడుచున్నది. విలువ తెలియకపోవుట యొక లోపము. పేరే తెలియకపోవుట అంతకు మించిన లోపము. పేరు తెలియని మొక్కను గూర్చి ఒకరి నడుగుటకు వీలులేదు, ఒకరికి చెప్పుటకు వీలులేదు, అది మంచిదో చెడ్డదో పరీక్షించి తెలిసికొనుటకును వీలులేదు.

మొక్కల వాడుకను గూర్చి మన పెద్దలకు తెలిసినదానిని మన పాఠశాలలోని పిల్లలు శ్రద్ధగా నేర్చుకొనవలెనని మా అభిప్రాయము. పిల్లలను వైద్యులను చేయుట మా యుద్దేశము గాదు. పెద్దలు చెప్పినదెల్ల వేదవాక్యమని నమ్ముడనుటయు మా యుద్దేశము గాదు. పేరు, పోలిక, పాకము, పరీక్ష అను నాలుగు మెట్లమీదుగ ఈ విద్యను నేర్పవచ్చుననియు, అందు మొదటి మెట్టు మన తెలుగు పలుకుబడిలోనే యున్నదనియు విన్నవించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

మన గంజాము జిల్లా 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిషా ప్రత్యేక రాష్ట్రమగువఱకు మద్రాసు రాజధానిలో భాగముగ నుండెను. బరంపురమునను పర్లాకిమిడిలోను తెలుగు కుటుంబములు అంతకు ఎన్నో తరముల పూర్వమునుండియు కాపురమున్నవి. మన పిల్లలు ఇంటిలో తెలుగును, వీధిలో ఒడియాను, పై చదువునకు ఆంగ్లమును వాడుకొనుచున్నారు. ఇది వారి భాగ్యమే గాని దౌర్భాగ్యము గాదు. ఐతే మూడు భాషల నడుమ ఒక్క మొక్కకు మూడు పేర్లు వచ్చినప్పుడు, ఆ మూడును ఒకటేయని చెప్పువారు లేకున్న, ఇంటి పేరే ముందుగ జారిపోవును.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమున. అచ్చట మొక్కల పేర్లను పుస్తకములలో చదివితిమి. ఇచ్చట మా విద్యార్థుల యిండ్లలో వింటిమి. ఒకప్పుడు మా తరగతివారిని ఇంటినుండి ఐదేసి ఆకులు తెచ్చి వాని పేర్లు వ్రాయుడని కోరితిమి. ఒక బాలిక తాను తెచ్చిన ఆకు క్రింద 'బెగునియా' అని వ్రాసినది. తెలుగులో దీనినేమందురని యడుగగా తెలియదన్నది. 'వావిలి' అను మాట వింటివా యని యడుగగా వింటినన్నది. తన చెల్లెలు పుట్టినప్పుడు నాయనమ్మ అమ్మకు వావిలాకు వేసి కాచిన నీళ్లు పోసినదని కూడ చెప్పినది. ఆ వావిలాకే తన చేతిలోని యాకని మాత్రము ఆ బాలిక యెఱుగదు. చేతిలో ఆకున్నది, చెవిలో పేరున్నది, మనసులో వాడుక యున్నది. మూడింటిని కలుపు త్రాడు మాత్రమే తెగినది. ఇది ఆ పిల్ల తప్పు గాదు. కలిపి చెప్పవలసిన మనమెవ్వరమును చెప్పలేదు.

వినాయక చవితినాడు మనము ఇరువదియొక్క రకముల పత్రితో పూజ చేయుదుము. వ్రతపుస్తకములో 'సింధువారము' అని చదువుదుము. అది యీ వావిలియే. 'అపామార్గము' ఉత్తరేణి, 'అర్కము' జిల్లేడు, 'కరవీరము' గన్నేరు, 'దత్తూరము' ఉమ్మెత్త. ఏటేట ఇంటింట జరుగు ఇట్టి వృక్షశాస్త్ర పాఠము మఱి యే పాఠశాలలో దొరకును? పూర్వము పిల్లలే తోటలవెంట తిరిగి పత్రి కోసికొని వచ్చెడివారు. ఇప్పుడు బజారులో కట్టగట్టి అమ్మిన ఆకులను కొని తెచ్చి, ఏది ఏదో చూడకయే సమర్పించుచున్నాము. ఆ యిరువదియొక్కింటిలో ఉమ్మెత్త, గన్నేరు వంటి విషపు మొక్కలు కూడ నున్నవని, పూజకు తగినదెల్ల నోటికి తగదని, పత్రి కోసిన పిల్లలకు పెద్దలు చెప్పెడివారు. కట్ట కొన్న పిల్లలకు ఆ హెచ్చరిక కూడ దక్కుట లేదు.

తెలుగు పేర్లు పల్లెటూరి మాటలని, శాస్త్రమునకు పనికిరావని కొందఱి తలంపు. చరిత్ర దీనికి విరుద్ధముగ నున్నది. విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు 1781 మొదలు సామర్లకోటలో నుండి ఉత్తర సర్కారుల మొక్కలను పరిశీలించెను. దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించి కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి ఆయన కూర్చిన గ్రంథము 1795 మొదలు 1820 వఱకు 300 చిత్రములతో లండనులో వెలువడినది. అందు తెలుగు పేర్లను కూడ ఆయన వ్రాసికొనెను. మన యడవులలో సోమిద యను మ్రాను కలదు. దాని బెరడు జ్వరమునకు వాడుదురని విని, సింకోనా బెరడునకు బదులు పనికివచ్చునేమోయని రాక్స్‌బర్గ్ దానిని విదేశముల వైద్యుల దృష్టికి దెచ్చెను. తరువాత వృక్షశాస్త్రజ్ఞులు ఆ చెట్టు ప్రజాతికి 'సోయ్‌మిడా' యని పేరు పెట్టిరి. అనగా, ప్రపంచమున ఏ దేశపు శాస్త్రజ్ఞుడు ఆ చెట్టును పేర్కొన్నను, తెలియకయే ఒక తెలుగు మాటను పలుకుచున్నాడు. 1859లో వాల్టర్ ఇలియట్ 'ఫ్లోరా ఆంధ్రికా' యను పేరిట తెలుగు మొక్కల పేర్ల పట్టికను మద్రాసులో ప్రకటించెను. పరదేశీయులు మన వాకిట నిలిచి అడిగి వ్రాసికొన్న పేర్లను మన పిల్లలు మన యింటిలోనే యడుగకుండుట న్యాయమా?

పేరు మొదటి మెట్టు మాత్రమే. అచ్చటనే నిలిచినచో అపాయము కలదు. ఏలయన పేర్లు మోసగించును. 'అవిసె' యన్నచో కూర వండుకొను ఆకులిచ్చు చెట్టొకటి, నూనెగింజల నిచ్చు చిన్న మొక్క వేఱొకటి. 'పాతాళగరుడి' యని మనవారు సర్పగంధను పిలుతురు. సంస్కృత నిఘంటువులలో ఆ పేరు దూసరితీగకు చెల్లును. 'బ్రాహ్మి' యన్న ఒక చోట సరస్వతీ ఆకు, వేఱొక చోట నీటియొడ్డున పెరుగు మఱియొక మొక్క. అన్నిటికంటె భయంకరమైనది గన్నేరు మాట. బిళ్ళగన్నేరు వేఱు, గన్నేరు వేఱు, పచ్చగన్నేరు వేఱు. మధుమేహమునకు బిళ్ళగన్నేరు ఆకు మంచిదని ఎవరో చెప్పగా విని, ఒకడు గన్నేరు ఆకు నమలినచో ఏమగును? గన్నేరును పచ్చగన్నేరును గుండెను ఆపివేయగల విషములు. బిళ్ళగన్నేరు కూడ నిరపాయమైనది గాదు. కనుకనే రెండవ మెట్టు పోలిక. ఆకు ఎదురెదురుగ నున్నదా, ఒకటి విడిచి యొకటి యున్నదా, పాలు కారునా, పువ్వునకు రేకులెన్ని, కాయ యెట్టిది యని చూచి గుర్తింపవలెను. ఊరూర మాఱని లాటిను పేరును తెలుగు పేరు ప్రక్కన వ్రాసికొనవలెను. లాటిను పేరు మన పేరునకు శత్రువు గాదు, కావలివాడు.

మూడవ మెట్టు పాకము. ఒకే ఆకును పసరు తీయవచ్చును, ముద్దగ నూరవచ్చును, కాచి కషాయము చేయవచ్చును, చల్లని నీట నానబెట్టవచ్చును, వేడినీట వేసి వడగట్టవచ్చును. స్వరసము, కల్కము, క్వాథము, హిమము, ఫాంటము అని ఆయుర్వేదమున వీనికి వేర్వేరు పేర్లు గలవు. ఈ భేదములు మాటల యాడంబరము గావనుటకు చైనా దేశపు కథయొకటి సాక్ష్యము. మలేరియాకు మందు కనుగొనవలెనని 1967లో అచ్చట పరిశోధన ఆరంభమైనది. తూ యూయూ యను శాస్త్రజ్ఞురాలు ప్రాచీన గ్రంథములలో వర్ణింపబడిన యొక మూలికను పరీక్షించుచు, ఫలితము నిలుకడగ రాక కష్టపడినది. నాలుగవ శతాబ్దపు వైద్యగ్రంథమున ఆ మూలికను కాచుమని లేదు. నీట నానబెట్టి పిండి ఆ రసమును త్రాగుమని యున్నది. వేడిమి మందును చెఱచుచున్నదేమో యని ఆమెకు తోచినది. 1971లో తక్కువ వేడిమిలో సారము తీయగా మందు పనిచేసినది. లక్షలాది ప్రాణములను కాపాడిన ఆర్టెమిసినిన్ అట్లు లభించినది. 2015లో ఆమెకు నోబెలు బహుమానము వచ్చినది. 'కాచుట', 'నానబెట్టుట' యను రెండు మాటల భేదములో అంత ఫలమున్నది. మన నాయనమ్మ 'ఇది కాచరాదు, నూరి పిండవలెను' అన్నప్పుడు ఆ మాటను మన భాషలో ఉన్నదున్నట్లు వ్రాసికొనవలెనని మేము చెప్పుట యిందుకే.

నాలుగవది పరీక్ష. ఈ మెట్టునొద్ద మనవారిలో అనేకులు కోపగింతురు. 'తాతముత్తాతలు వాడినదానికి పరీక్ష యేల?' అందురు. నేల ఉసిరిని చూడుడు. కామెర్లకు దాని పసరు మంచిదని మన ప్రాంతమున అందఱును చెప్పుదురు. 1988లో మద్రాసు శాస్త్రజ్ఞులు హెపటైటిస్ బి క్రిములను దేహమున ధరించినవారికి ఆ మొక్క పొడి నిచ్చి చూచిరి. 37 మందిలో 22 మంది రక్తమున ఆ క్రిమి గుర్తు మాయమైనదని 'లాన్సెట్' పత్రికలో ప్రకటించిరి. ఉత్తుత్తి మందు పుచ్చుకొన్న 23 మందిలో ఒక్కరికే అట్లు జరిగినది. ప్రపంచమంతయు ఆశతో చూచినది. కాని తరువాత ఇతర దేశములలో జరిపిన పరీక్షలలో అట్టి ఫలితము నమ్మదగినట్లు కనబడలేదు. పైగా, ఒకే పేరుతో మన దేశమున వాడబడుచున్నది ఒక్క మొక్క గాదనియు, ఒకదానినొకటి పోలిన వేర్వేరు జాతులనియు వృక్షశాస్త్రజ్ఞులు తేల్చిరి. దీనివలన మన పెద్దలు అబద్ధమాడిరని తేలదు. నీటివలన వచ్చు కామెర్లు చాల మందికి కొన్ని వారములలో తమంత తామే తగ్గును. ఆ యశస్సు పసరునకు దక్కును. కాని కామెర్లు ఒక రోగము గాదు, రోగమునకు గుర్తు. పిత్తనాళమున ఱాయి అడ్డుపడినవానికి పసరు పోసి పది దినములు గడిపినచో ప్రాణమునకే ముప్పు వచ్చును. పసరు పోయవద్దనుటకంటె, ముందు రక్తపరీక్ష చేయించి రోగమేదో తెలిసికొనుడని చెప్పుట మా మనవి.

మఱియొక ఉదాహరణము. 1990 దశకపు ఆరంభమున బెల్జియము రాజధానియైన బ్రస్సెల్సులో బరువు తగ్గుటకై మూలికల మాత్రలు పుచ్చుకొన్న స్త్రీలలో సుమారు నూఱుమందికి మూత్రపిండములు చెడిపోయినవి. చైనా భాషలో పేర్లు దగ్గరగ నుండుటచే ఒక మూలికకు బదులు అరిస్టలోకియా యను వేఱొక మూలిక మాత్రలలో చేరినది. కొందఱికి తరువాత క్యాన్సరు కూడ వచ్చినది. ఈ అరిస్టలోకియా ప్రజాతికి చెందినవే మన పొలముల గట్లమీది గాడిదగడపాకును, ఈశ్వరియు. తేలుకాటుననో, చర్మరోగముననో తాత ఈ యాకు వాడినప్పుడు కీడేమియు కనబడి యుండదు. మూత్రపిండమునకు ఏండ్ల తరువాత కలుగు హాని కంటికి కనబడునది గాదు. తరతరముల అనుభవము వెంటనే కలుగు మేలును, వెంటనే కలుగు కీడును బాగుగ కనిపెట్టును. నిదానముగ వచ్చు కీడును కనిపెట్టలేదు. అనుభవమునకు గల యీ హద్దును పిల్లలకు తెలుపకుండ మూలికావిద్యను నేర్పుట పాపము.

పరీక్షవలన పోవునది కొంచెము, వచ్చునది హెచ్చు. మధుమేహమునకు వాడుదురని విని కెనడా శాస్త్రజ్ఞులు బిళ్ళగన్నేరును పరీక్షించిరి. ఎలుకల రక్తములో చక్కెర తగ్గలేదు, తెల్లకణములు తగ్గినవి. దానిని పట్టుకొని పోగా 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ దొరకినది. పిమ్మట అదే మొక్కనుండి విన్‌క్రిస్టిన్ వచ్చినది; పసిపిల్లల రక్తక్యాన్సరునకు నేటికిని వాడు మందులలో అదియొకటి. సర్పగంధ వేరును గూర్చి 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అను వంగ వైద్యులు వ్రాసిరి. 1949లో బొంబాయిలోని రుస్తుం జాల్ వకీల్ రక్తపుపోటునకు దాని గుణమును ప్రపంచమునకు చాటెను. 1952లో స్విట్జర్లాండులో దానినుండి రిసర్పిన్ వేఱుచేయబడినది. ఇంతలో వేరుకోసమై మొక్కను నాశము చేయుట కూడ హెచ్చినది. 1990 నుండి దాని అంతర్జాతీయ వ్యాపారము నియమములకు లోబడియున్నది. మొక్క విలువ తెలిసినవాడే దానిని కాపాడవలెననుట కూడ ఈ చదువులో నొక పాఠము.

"ఇదంతయు బాగున్నది గాని, ఇది పరీక్షకు వచ్చునా? ఉద్యోగమునకు వచ్చునా?" యని తలిదండ్రులు మమ్ము అడుగుదురు. అడుగుట న్యాయమే. పిల్లలను పోషించి చదివించు కష్టము వారిది. వారికి మా సమాధానమిది. మేము కోరునది వారమునకు ఒక్క గంట. ఆ గంటలో పిల్లవాడు కంటితో చూచి వ్రాయుట, ఒకే వస్తువును మూడు భాషలలో చెప్పుట, విన్నదానిని వెంటనే నమ్మకుండుట నేర్చుకొనును. జీవశాస్త్రమునకు గాని, వైద్యవిద్యకు గాని, వ్యవసాయమునకు గాని ఇంతకంటె మంచి పునాది లేదు. ఒడియా నేర్చుకొనుటకు ఇది అడ్డుగాదు. 'నేలవేము' అనునదియే 'భూయిఁనింబ' యని, 'తిప్పతీగ' యే 'గుళుచి' యని తెలిసిన పిల్లవానికి రెండు భాషలును బలపడును. ఇరుగుపొరుగువారితో చెలిమికి కూడ ఇది మంచి త్రోవ.

ఇంకొక సంగతి. నోటిమాటకు న్యాయస్థానమున సాక్ష్యబలము తక్కువ, వ్రాతకు ఎక్కువ. గాయములకు పసుపు వాడుటపై 1995లో అమెరికాలో కొందఱికి పేటెంటు దొరకగా, మన దేశపు శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి వ్రాతపూర్వకమైన పాత యాధారములను చూపి 1997లో దానిని రద్దు చేయించినది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము స్థానిక సంస్థలలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు వ్రాయవలసియున్నది. ఆ పుస్తకములలో మన వీధుల, మన తోటల మొక్కలకు తెలుగు పేరు కూడ చేరవలెనన్నచో, చెప్పవలసినవారము మనమే. అల్పసంఖ్యాకుల భాష తన్ను తాను చెప్పుకొననిచో దానిని తలచి అడుగువారుండరు.

కావున మా సూచనలను సంగ్రహముగ చెప్పుచున్నాము. ప్రతి విద్యార్థియు ఒక నోటుపుస్తకము పెట్టుకొనవలెను. ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క పుట. ఎండబెట్టిన ఆకు, తెలుగు పేరు, ఒడియా పేరు, సైన్సు మాస్టరుగారు సరిచూచిన లాటిను పేరు, ఎచ్చట పెరుగునో, ఎవరు చెప్పిరో, ఏ భాగమును ఏ పాకముచేసి దేనికి వాడుదురో, దానివలని కీడేమో వ్రాయవలెను. చెప్పినవారి అనుమతి లేక వారి పేరు వ్రాయరాదు. తెలియని ఆకును నోట పెట్టరాదు. వేరుతో పెఱుకరాదు. ఈ పుస్తకము చూచి ఎవరికిని మందు చెప్పరాదు. పాముకాటునకు, కుక్కకాటునకు, కామెర్లకు, పసిపిల్లల జ్వరమునకు ఆసుపత్రియే త్రోవ యని మొదటి పుటలోనే వ్రాసికొనవలెను.

అడవి మొక్కలను గూర్చి మనకంటె కొండలలోని సవరలకు హెచ్చుగ తెలియును. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు వారి భాషను వారినోటనే నేర్చుకొని, 1931లో దానికి వ్యాకరణము ప్రకటించిరి. తక్కువవారని లోకము తలంచినవారి యొద్దకు శిష్యుడై పోవుట యెట్లో ఆయన మనకు చూపిరి. మనము కూడ అడిగి నేర్చుకొన్నదానిని వారిదేయని చెప్పవలెను.

తలిదండ్రులారా, మీ యింట డెబ్బది యెనుబది యేండ్ల పెద్దలున్నచో, రానున్న సెలవులలో మీ పిల్లవానిని వారి ప్రక్కన కూర్చుండబెట్టుడు. విద్యార్థులారా, కలము కాగితము పట్టుకొని కూర్చుండుడు. వారు చెప్పినదానిలో నిజమెంతయో తేల్చుటకు ప్రయోగశాలలున్నవి, శాస్త్రజ్ఞులున్నారు. నేడు గాకున్న రేపైన తేల్తురు. వారు చెప్పకయే పోయినచో తేల్చుటకేమియు మిగులదు.